పాత బండి, కానుకల డీజిల్



ఈ వారం వాక్యధ్యానం కాదు, బండి గురించి రాస్తున్నాను. అయ్యగారికి ఇదెందుకు అనుకోకండి. మన ప్రాంతంలో సంఘం నడవాలంటే బండి నడవాలి. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పల్లెల్లో ఒక్కో సేవకునికి నాలుగైదు ఊళ్ళు ఉంటాయి. ఊరికీ ఊరికీ మధ్య పది పదిహేను కిలోమీటర్ల చేలు, అడ్డంగా ఒక వంక. రాత్రి పదకొండుకు ఎవరికైనా నొప్పులొచ్చినా, పాము కరిచినా కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో పోయేది చాలాసార్లు సంఘం బండే. అది ఏ సుమోనో, బొలెరోనో, ఇండికానో అయి ఉంటుంది. అన్నీ పాత డీజిల్ బండ్లే. అందులో పోసే ప్రతి లీటరూ ఆదివారం కానుకల్లోంచి వస్తుంది.

ఈ మధ్య చాలా సంఘాల్లో ఒక మాట వినబడుతోంది. "అయ్యగారూ, పాత బండి డీజిల్ తాగేస్తోంది. అమ్మేసి కంతుల మీద కొత్తది తీసుకుందాం." నేను దీనికి ఒప్పుకోను. లెక్క చూడండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 83 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలకు కాస్త తక్కువ అనుకుంటే ఎనిమిది వేలు. కొత్త బండి ఏకంగా రెట్టింపు మైలేజీ ఇచ్చిందనుకుందాం, నెలకు మిగిలేది నాలుగు వేలు. పది లక్షల అప్పుకు ఐదేళ్ళ కంతు మాత్రం నెలకు ఇరవై వేలు దాటుతుంది. నాలుగు వేలు మిగుల్చుకోడానికి ఇరవై వేలు కట్టడం ఏ పొదుపు?

అదే పాత బండిని 12 నుంచి 14కు తెచ్చామనుకోండి. నెలకు 12 లీటర్లు, అంటే దాదాపు 1,150 రూపాయలు మిగులుతాయి. చిన్న మొత్తమే అనిపిస్తుంది. ఉపాధి హామీ పనికి 2024-25లో మన రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. ఎండలో గంప మోసిన ఒక అక్కకు నాలుగు రోజుల కూలి అది. ఆ అక్క కానుక వేసేటప్పుడు ఎంత ఆలోచించి వేస్తుందో మనకు తెలుసు. మనం ఖర్చు పెట్టేటప్పుడూ అంతే ఆలోచించాలి.

మొదట బండి ఎంత ఇస్తోందో తెలియాలి. "పదిహేను ఇస్తుందిలే" అనే నోటిమాట లెక్క కాదు. బంకులో గన్ను తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించి, రీడింగ్ రాసుకోవాలి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. కొలత మీద అనుమానముంటే అయిదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపమని అడిగే హక్కు ప్రతి వినియోగదారునికీ ఉంది. సంఘం ఆదాయ వ్యయాల పుస్తకంలోనే బండికి ఒక పేజీ పెడితే మంచిది. రెండు నెలలు రాస్తే బండి జబ్బు ఆ పేజీలోనే కనబడుతుంది.

తర్వాత గాలి. రెండు రకాల గాలి. టైర్లలో గాలి తక్కువైతే బండి ఇసుకలో లాగినట్టు పోతుంది. డ్రైవరు తలుపు పక్కన అతికించిన చీటీలో ఎన్ని పాయింట్లని ఉందో అంత, ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. మే నెలలో మధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీల ఎండలో, వేడి రోడ్డు మీద తిరిగిన టైరులో లెక్క ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేసేవాళ్ళున్నారు. తీయకండి.

రెండోది ఇంజను పీల్చే గాలి. మన సీమకు ప్రత్యేకమైన కష్టం ఇక్కడుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఎయిర్ ఫిల్టరు ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, బేతంచెర్ల నాపరాళ్ళ పాలిష్ పొడి చూసి రాసి ఉండరు. ఈ దారుల్లో తిరిగే బండి ఫిల్టరు నెలకోసారి విప్పి చూడాలి, పుస్తకం చెప్పిన దాంట్లో సగం దూరానికే మార్చాలి. కంప్యూటర్ లేని పాత డీజిల్ ఇంజనుకు గాలి తగ్గిందని తెలియదు. తొక్కినంత డీజిల్ పోస్తూనే ఉంటుంది. కాలని డీజిల్ నల్లటి పొగై వెనక నుంచి పోతుంది. ఆ పొగ మన డబ్బే. ఫిల్టరు మార్చినా నల్లపొగ తగ్గకపోతే నాజిళ్ళు విప్పించి టెస్టింగ్‌కు ఇవ్వాలి. పొగ నీలంగా ఉంటే వేరే సంగతి. ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

ఇంకొకటి మన ఎండలవల్ల వచ్చిన అలవాటు. ఇంజను వేడెక్కుతోందని చాలా షెడ్లలో థర్మోస్టాట్ తీసి పారేస్తారు. "మనకెందుకన్నా, చలిదేశాలకు అది" అంటారు. ఆ చిన్న వాల్వు ఇంజనును ఉండవలసిన వేడిలో ఉంచుతుంది. అది లేకపోతే తెల్లవారుజామున, వానాకాలంలో ఇంజను చాలా దూరం చల్లగానే నడుస్తుంది. చల్లని డీజిల్ ఇంజను డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే. వేడెక్కడానికి కారణం సాధారణంగా రేడియేటర్‌లో పేరుకున్న బోరునీళ్ళ ఉప్పు. దాన్ని కడిగించి, కూలెంట్ పోయించి, థర్మోస్టాట్ మళ్ళీ పెట్టించండి.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు డీజిల్ పోయేది వేగంలో. గాలి అడ్డు వేగం పెరిగినంతే పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి పోతే ఆ అడ్డు 1.78 రెట్లవుతుంది. సుమో, బొలెరోల ముఖం గోడలాగుంటుంది, పైన క్యారియర్ మీద సౌండు బాక్సులు కట్టామంటే ఇక చెప్పనక్కరలేదు. (కన్వెన్షన్ అయిపోయి నెలయినా క్యారియర్ దించని సంఘాలు నాకు తెలుసు.) పెట్రోలియం పొదుపు మీద 1978 నుంచి పనిచేస్తున్న పీసీఆర్‌ఏ సంస్థ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో మైలేజీ బాగా వస్తుందని చెబుతూనే ఉంది. నాలుగు వరుసల 40వ నంబరు జాతీయ రహదారి మీద అంత మెల్లగా పోవడం కష్టమే. 60, 65 మాత్రం సాధ్యం. కర్నూలు నుంచి నంద్యాల దాదాపు 70 కిలోమీటర్లు. 80లో పోతే 52 నిమిషాలు, 60లో పోతే 70 నిమిషాలు. తేడా పద్దెనిమిది నిమిషాలు.

ఆ పద్దెనిమిది నిమిషాలు ఎక్కడ పోతాయో కూడా మాట్లాడుకుందాం. సేవకుల్లో చాలామంది పది గంటల కూడికకు తొమ్మిదింబావుకు బయల్దేరుతారు. డ్రైవరు తమ్ముడు వంద తొక్కుతాడు. లారీ అడ్డమొస్తే బ్రేకు, మళ్ళీ తొక్కు, మళ్ళీ బ్రేకు. ఎద్దును ముల్లుకర్రతో పొడిచి పరుగెత్తించి, వెంటనే పగ్గం లాగి నిలిపినట్టు. తర్వాత "నీకు మైలేజీ రాదు" అని డ్రైవరును అంటారు. బండి మైలేజీ చాలావరకు ఇంట్లోంచి బయల్దేరే గంటలోనే తేలిపోతుంది. ఇంకా ఒకటి, గృహదర్శనం ముగిశాక వాకిట్లో నిలబడి చేసే చివరి ప్రార్థన. బయట ఏసీ కోసం ఇంజను ఆన్‌లో ఉంటుంది. ప్రార్థన తగ్గించమనను. ఇంజను ఆపించండి.

బండి నీళ్ళు తాగకపోయినా మోసపు మాటలు మాత్రం బాగా తాగిస్తారు మనకు. డీజిల్ పైపుకు అయస్కాంతం కడితే ముప్పై శాతం ఆదా అంటారు. అయస్కాంతానికి అంత శక్తే ఉంటే కంపెనీవాళ్ళే బండిలో బిగించి అమ్మేవాళ్ళు. తెల్లవారుజామున పట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు. బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది, అక్కడ పగలూ రాత్రీ వేడిలో పెద్ద తేడా ఉండదు. కొందరు కిరోసిన్ కలుపుతారు. పాత ఇంజను పంపుకు డీజిల్ జిడ్డే నూనె. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ, పంపు అరిగి బాగుచేయించే ఖర్చుకు ఏడాది ఆదా అంతా పోతుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందన్నది నిజమే, మన బుడ్డల నూనె అన్నమాట. అలాగని ఎవరూ గానుగ దగ్గరకు పోవద్దు. ఆ నూనె ధర డీజిల్ కన్నా ఎక్కువ.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఘాట్‌లో న్యూట్రల్. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ దిగుతాం. అక్కడ న్యూట్రల్ వేసి, కొందరైతే ఇంజనే ఆపేసి, "చుక్క డీజిల్ ఖర్చు కాలేదు" అని సంతోషపడతారు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకు డీజిల్ దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి డీజిల్ కావాలి. ఇంజను ఆపేస్తే ఇంకా ఘోరం. డీజిల్ బండిలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగుసుకుంటుంది. వెనక సీట్లలో పదిమంది సంఘస్థులుంటారు. ఎక్కిన గేరులోనే దిగండి. 

అరిగిన టైర్లు, అరిగిన బ్రేకు లైనింగులు పొదుపు కింద లెక్కకట్టకండి. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 రూపాయలైంది, ఫిట్‌నెస్ పరీక్షా ఉంటుంది. నీలం పొగ విడవకుండా వస్తూ, వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ పోయవలసి వస్తుంటే ఆ బండి పని అయిపోయింది. అప్పుడు అమ్మడమే న్యాయం. అప్పుడైనా కంతుల మీద కొత్తది కాదు, చేతిలో ఉన్న డబ్బుకు మంచి సెకండ్‌హ్యాండ్ చూడండి.

సంఘ పెద్దలకు ఒక్క మనవి. డీజిల్ మిగల్చాలని దూరపు ఊళ్ళ దర్శనాలు నెలకోసారికి తగ్గించే ఆలోచన కొన్నిచోట్ల ఉంది. చివరి ఊళ్ళో మంచం మీదున్న తాతకు అయ్యగారి రాక ఒక్కటే రాక. దర్శనాలు తగ్గించకండి, దారి కలపండి. ఆళ్ళగడ్డ వైపు ఊళ్ళన్నీ ఒక రోజు, కోవెలకుంట్ల వైపు ఒక రోజు పెట్టుకుంటే పోయిన దారే మళ్ళీ మళ్ళీ తిరిగే పని ఉండదు. వచ్చే కమిటీ కూడికకు బండి పేజీ తెచ్చి బల్ల మీద పెట్టండి, డ్రైవరు తమ్ముణ్ణి కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టండి.