మాస్కు పెట్టుకుంటే ఊపిరాడటం లేదా?

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె భర్తగారికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు. అయిదేళ్ళుగా రాత్రిళ్ళు సీపాప్ యంత్రం పెట్టుకుని హాయిగా నిద్రపోతున్న మనిషి, నెల రోజులనుంచి "ఇది నా పీక నొక్కేస్తోంది" అంటూ మాస్కు లాగి పారేస్తున్నారట. మళ్ళీ ఇల్లెగిరిపోయే గురక, పగలు ఆఫీసులో కునికిపాట్లు. పైగా రోజూ గుంటూరుకు స్కూటరు మీద వెళ్ళి వస్తారు. "యంత్రం అటకెక్కించేస్తానంటున్నారు. ఏం చెయ్యను, అక్కయ్యగారూ?" అని అడిగారు.

అటకెక్కించనివ్వకండి. నేను డాక్టర్ని కాను గాని, మావారి దిండు పక్కన ఆ యంత్రం ఎనిమిదేళ్ళుగా వుంది కనక దాని అలకలు కొన్ని నాకు తెలుసు. అది మనిషికి బదులు ఊపిరి తీసే యంత్రం కాదు. గదిలో గాలినే కాస్త వత్తిడితో లోపలికి పంపి, నిద్రలో మూసుకుపోయే గొంతును తెరిచి వుంచుతుంది, అంతే. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు, ఆయన సహచరులు అయిదుగురు రోగుల మీద ఈ పద్ధతి ప్రయత్నించి లోకానికి తెలియజేశారు. ఇన్నేళ్ళు సుఖంగా వున్నది ఇప్పుడు ఉక్కిరిబిక్కిరి చేస్తోందంటే, నడుమ ఏదో మారిందన్నమాట.

ఆ బాధ ఎప్పుడు వస్తుందో ముందు కనిపెట్టండి. మాస్కు పెట్టుకోగానేనా, నడిరాత్రా?

పెట్టుకోగానే అయితే మొదటి వత్తిడి చాలక పోవచ్చు. చాలా యంత్రాలు 4 దగ్గర మొదలై మెల్లగా పైకి పోతాయి. ఆ 4 కొందరికి సన్నటి గొట్టంలోంచి గాలి పీల్చినట్టుంటుంది. మావారికీ అంతే; డాక్టరుగారు మొదలే 6 చేయించిన రాత్రినుంచి గొణుగుడు తగ్గింది. కొందరికి తద్విరుద్ధం, ఊపిరి వదలడం కష్టం. వదిలేటప్పుడు వత్తిడి తగ్గించే ఏర్పాటు చాలా యంత్రాల్లో వుంది. ఏదైనా డాక్టరుకు చెప్పి మార్పించాలి గాని, మన మీటలు మనం తిప్పకూడదు.

నడిరాత్రి అయితే ముక్కును అనుమానించండి. జలుబుకో దుమ్ముకో ముక్కు దిబ్బడ వేస్తే నోరు తెరుచుకుంటుంది, గాలంతా అటునుంచి పోతుంది, గొంతు ఎండిపోతుంది. నీళ్ళ తొట్టి వుంటే అందులో డిస్టిల్డ్ వాటరు పోసి తేమ పెంచి చూడండి. ముక్కుకు ఆనే సిలికాన్ మెత్త జిడ్డుపట్టి సాగిపోతే పక్కలనుంచి గాలి పోతుంది. పట్టీలు ఇంకా బిగించడం మగవారి వైద్యం. దానివల్ల ముక్కుమీద పుండు పడుతుంది గాని గాలి ఆగదు. మెత్తను రోజూ సబ్బునీళ్ళతో కడగాలి, పాతబడితే మార్చాలి. యంత్రం వెనక ఫిల్టరు చూశారా? మా వీధి రోడ్డు వెడల్పు చేసిన ఏడాది మా ఫిల్టరు పొయ్యిగుడ్డలా తయారైంది!

మీది అయిదేళ్ళ నాటిది కనక ఇంకొక మాట. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ, చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన నురగముక్క పొడిపొడి అవుతోందని ఎన్నో యంత్రాలను వెనక్కి పిలిచింది. మీ యంత్రం అంతకు ముందు తయారైనదైతే దాని నంబరు విచారించండి.

రాత్రి ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత కారిందో, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో యంత్రమే లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క డాక్టరుకు చూపించండి. ఆగడం గంటకు 5 లోపల వుంటే మామూలుగా చికిత్స బాగానే వున్నట్టు. అప్పుడు మాస్కు, ముక్కు వెతకాలి. పెరిగితే, ఒళ్ళు వచ్చిందేమో, కొత్తగా నిద్రమాత్రలు మొదలుపెట్టారేమో చెప్పాలి. గొంతు తెరిచే వున్నా, ఊపిరి తియ్యమని మెదడే ఆజ్ఞ ఇవ్వని రకం ఒకటుంది. దానికి చికిత్స వేరు.

నన్ను భయపెట్టేది మాత్రం ఇవేవీ కావు. మాస్కు తీసేశాక కూడా ఆయాసం తగ్గుతోందా, లేదా? పగలు మెట్లెక్కితే రొప్పడం, పాదాలు వాయడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం వుంటే, అది గుండె సంగతో, ఊపిరితిత్తుల సంగతో కావచ్చు. ఆ మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఛాతీలో నొప్పి వుంటే మర్నాటిదాకా కూడా ఆగవద్దు. "మాస్కు వల్లే" అని ఆయన ఎంత వాదించినా సరే.

ఇది తేలేదాకా స్కూటరు తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. తెనాలి నుంచి గుంటూరుకు రైళ్ళున్నాయి, బస్సులున్నాయి. రాత్రి వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోమనండి. మాస్కంటే బెదురు పట్టుకుంటే, పగలు కుర్చీలో కూర్చోబెట్టి, యంత్రం నడుస్తుండగా ఒక అరగంట తగిలించుకోమనండి. చేతిలో ఈ పత్రికే పెట్టండి. సీరియల్ ఒక భాగం చదివేసరికి అరగంట తెలియకుండానే గడిచిపోతుంది.