చెరకు నమిలితే పరువు పోతుందా?

మా జహీరాబాదు చుట్టూ చెరకు తోటలే. చలికాలం వచ్చిందంటే గడల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ దారి పడతాయి. మొన్న మధ్యాహ్నం పనంతా ముగించుకుని ఒక గడ పట్టుకుని గడప మీద కూర్చున్నాను. తొక్క పళ్ళతోనే చీల్చాలి సుమండీ, కత్తి పెడితే సగం సరదా పోతుంది! రసం మోచేతిదాకా కారింది. పక్కింటి వదినె చూసి నవ్వితే ఆవిడకూ ఒక కణుపు విరిచిచ్చాను.

అంతలో మావారొచ్చారు. "ఈ వయసులో వీధిలో కూర్చుని చెరకు నమలడమా? నలుగురూ ఏమనుకుంటారు? కావాలంటే రసం తెప్పిస్తాను కదా!"

గ్లాసు రసం రెండు గుక్కలు. గడ అరగంట. ఆ అరగంటే కంటగింపు! ఆయనగారు హోటల్లో గంటసేపు చాయ్ తాగితే మాత్రం అది లోకజ్ఞానం.

మనం నడిస్తే ఆరోగ్యం కోసమనాలి, చదివితే పిల్లల కోసమనాలి. ఊరికే సంతోషం కోసమంటే ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడికి దగ్గరే మాచ్నూరులో పొలం పనులు చేసుకునే దళిత మహిళలు 2008లో సంఘం రేడియో పెట్టారు. విత్తనాల కబుర్లతో పాటు తమ పాటలూ వినిపించారు. "పనీ పాటా" అన్నదాంట్లో పాటను వాళ్ళు వదల్లేదు. చదువుకున్న మనమే పని ఒక్కటీ ఉంచుకున్నాం.

మావారికి జవాబు చెప్పలేదు, నోట్లో చెరకుంది. ఒక ముక్క ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ చూసి, లోపలికెళ్ళి నమిలారు.