‘ఉచితం’గా నేర్చుకో, నిన్ను నువ్వే అమ్ముకో!

ఈ మధ్య ఏ డిగ్రీ కాలేజీలో సభ జరిగినా ఒకటే పాట. “అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి, నేర్చుకోవడమే ఇక మీ వంతు!” ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి గూగుల్ డాక్స్ ఉచితం. బయోడేటా, పోస్టరు అందంగా తయారు చేసుకోవడానికి కాన్వా ఉచితం. పాఠాలకు ‘స్వయం’ ఉచితం. రాసిన ప్రోగ్రాములు నలుగురికీ చూపించుకోవడానికి గిట్‌హబ్ ఉచితం. ఉద్యోగాలిచ్చేవాళ్ళ కంట్లో పడడానికి లింక్డ్‌ఇన్ ఉచితం. ఇన్ని ఉచితాలు అరచేతిలో పెట్టినా ఆడపిల్లలు ఇంకా వెనకబడి ఉన్నారంటే అది వాళ్ళ బద్ధకమేనని, చొరవ లేకపోవడమేనని తేల్చి చెప్పే పెద్దమనుషులకు కొదవ లేదు.

నేను ఈ పరికరాలను డిగ్రీ విద్యార్థినులకు నేర్పే పనిలోనే ఉన్నాను. కాబట్టి ఇవి వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వీటివల్ల మేలు పొందిన అమ్మాయిల్ని కళ్ళారా చూశాను. ముగ్గురు అమ్మాయిలు మూడు ఊళ్ళలో కూర్చుని ఒకే రిపోర్టును ఒకేసారి దిద్దుకోగలగడం చిన్న విషయమేమీ కాదు. కానీ ‘ఉచితం’ అనే ఈ మాట చాటున ఎవరి బాధ్యత ఎవరి నెత్తిన పడుతున్నదో మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మొదట ఈ ఉచితం ఖరీదు ఎంతో చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఒక్కసారి ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. హైటెక్ రాజధాని అని ముప్ఫై ఏళ్ళుగా చెప్పుకుంటున్న నేల మీద లెక్క ఇది! తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద 54 శాతమేనని కూడా ఆ సర్వేయే చెప్పింది. అప్పటినుంచి ఇళ్ళలోకి ఫోన్లు ఇంకా వచ్చాయి. అయితే ఇంట్లో ఫోన్ ఉండడం, అది అమ్మాయి చేతిలో ఉండడం ఒకటి కాదు. తమ్ముడు ఆట ముగించాక, నాన్న వార్తలు చూడడం అయ్యాక, అంట్లు తోమడం అయ్యాక, రాత్రి పదకొండింటికి చేతికొచ్చిన ఫోన్‌లో అప్పటికి ఆ రోజు నెట్ బ్యాలెన్స్ అయిపోయి ఉంటుంది. అరచేయంత తెర మీద బొటనవేలితో ఇరవై పేజీల రిపోర్టు కొట్టి చూడండి, అప్పుడు చెప్పండి ఉచితం అంటే ఏమిటో.

2020 నవంబరులో, ఢిల్లీలో డిగ్రీ చదువుతున్న తెలంగాణ అమ్మాయి ఒకతె, ల్యాప్‌టాప్ కొనుక్కునే దారి లేక, రావలసిన స్కాలర్‌షిప్ సమయానికి అందక, ఇంటికి భారమయ్యాననే బాధతో ప్రాణం తీసుకుంది. ఆన్‌లైన్ పాఠాలకు ఆమె కాలేజీ విడిగా డబ్బులు అడిగిందని కాదు. పాఠం ‘ఉచితం’గానే ఉంది. దాన్ని అందుకునే యంత్రమే లేదు. ఆ నాలుగు రోజులూ అందరూ అయ్యో అన్నారు. తర్వాత ఎన్ని కాలేజీలు యంత్రాలు కొన్నాయి? ఎన్ని కంప్యూటర్ గదులు సాయంత్రం కూడా తెరిచి ఉంచుతున్నారు?

ప్రభుత్వ వేదిక ‘స్వయం’ సంగతే తీసుకుందాం. 2017లో మొదలైంది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకూ అక్కడే చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చునని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. వినడానికి బాగుంది. పాఠం వినడానికి డబ్బు కట్టనక్కరలేదు, నిజమే. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే మాత్రం ఫీజు కట్టాలి. పరీక్షా కేంద్రం ఉన్న పట్నానికి వెళ్ళాలి. ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే తోడుగా ఇంకొకరి చార్జీలు కూడా కట్టుకోవాలి. కాలేజీలో ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టు భర్తీ చెయ్యకుండా “పాఠం నెట్‌లో ఉంది, విను” అనడం ఎవరికి పొదుపు? పొదుపు ప్రభుత్వానిది, ఖర్చు పిల్లది!

ఇక రెండో పాఠం మరీ విచిత్రమైనది. దాన్ని ఇప్పుడు ‘పర్సనల్ బ్రాండింగ్’ అంటున్నారు. “నిన్ను నువ్వు మార్కెట్ చేసుకో. మంచి ఫొటో పెట్టు. సాధించినవన్నీ రాయి. రోజూ కనబడుతూ ఉండు.” పుట్టినప్పటినుంచీ “గొంతు పెంచకు, గొప్పలు చెప్పుకోకు, నలుగురి కంట్లో పడకు” అని పెంచిన పిల్లతో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఈ మాట చెబుతున్నారు! మగపిల్లాడు తన గురించి నాలుగు ముక్కలు ఎక్కువ రాసుకుంటే హుషారైనవాడంటారు. అవే ముక్కలు ఆడపిల్ల రాసుకుంటే బరితెగించిందంటారు. ఈ తేడా పరికరం సృష్టించింది కాదు, పితృస్వామ్యం సృష్టించింది. అందుకని పరికరం నేర్పేవాళ్ళకు ఈ తేడాతో పని లేదంటే ఎలా కుదురుతుంది?

అలా కనబడిన స్త్రీలకు ఏం జరిగిందో మనం చూడలేదా? 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’ అన్నారు, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయ్’ అన్నారు. తమ పని గురించి, తమ అభిప్రాయాల గురించి బహిరంగంగా రాసుకున్న ముస్లిం స్త్రీల ఫొటోలను సోషల్ మీడియానుంచి ఎత్తుకెళ్ళి ‘వేలం’ అంటూ పెట్టారు. పాత్రికేయులు, కార్యకర్తలు, విద్యార్థినులు. హైదరాబాదులో దశాబ్దాలుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడను కూడా వదల్లేదు. ఆ రెండింటినీ పెట్టింది ఎక్కడ? మన పిల్లల్ని ప్రాజెక్టులు పెట్టుకోమంటున్న గిట్‌హబ్‌లోనే! మొదటిదాన్ని తయారుచేసినవాణ్ణి పట్టుకోవడానికి పోలీసులకు ఆరు నెలలు పట్టింది, అదీ రెండోది జరిగి దేశమంతా గోల చేశాక. ఫొటో పెట్టమని చెప్పే శిక్షణ తరగతుల్లో ఈ సంగతి ఒక్క నిమిషమైనా చెబుతున్నారా? ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి, ఆధారాలు ఎలా భద్రపరచాలి, ఒక స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టి వెంటాడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని ఎవరైనా చెబుతున్నారా? నేను వెళ్ళిన శిక్షణల్లో ఎక్కడా వినలేదు.

ఈ మాట అనగానే ఇంకో వర్గం పెద్దలు చప్పట్లు కొడతారు. “అందుకే మేం చెప్పేది, ఆడపిల్లకు ఫోనెందుకని?” వాళ్ళకు నా చప్పట్లు అక్కరలేదు, వాళ్ళ చప్పట్లు నాకూ అక్కరలేదు. రక్షణ పేరిట తలుపు వెయ్యడం స్త్రీల విషయంలో ఎన్నడూ రక్షణ కాలేదు. కేరళలో ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా, అంటే సరిగ్గా చదువుకునే వేళలో, ఫోన్ వాడకూడదని నియమం పెట్టారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టలు నుంచి వెళ్ళగొట్టారు. ఆమె కోర్టుకెక్కింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టులో జస్టిస్ పి.వి. ఆశ తీర్పునిస్తూ, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వచ్చే గోప్యత హక్కులోనూ భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని మహిళా హాస్టళ్ళ గోడల మీద ఈ తీర్పు అంటించి ఉంది? ఫోన్లు గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేసే వార్డెన్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

సరే, అన్నీ దాటుకుని వచ్చింది, అన్నీ నేర్చుకుంది, అందమైన బయోడేటా తయారు చేసుకుంది అనుకుందాం. అవతలి వైపున ఉన్న కళ్ళు ఎలాంటివి? అమెజాన్ కంపెనీ బయోడేటాలను వడగట్టడానికి ఒక యంత్రవిధానాన్ని తయారుచేసుకుని, చివరికి పక్కన పడేసిందని 2018 అక్టోబరులో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. పదేళ్ళపాటు తమకొచ్చిన దరఖాస్తులను చూపించి నేర్పితే, అందులో ఎక్కువమంది మగవాళ్ళే కాబట్టి, ఆ యంత్రం ‘మహిళల’ అనే మాట కనబడిన బయోడేటాలకు మార్కులు తగ్గించడం నేర్చుకుంది! రెండు మహిళా కళాశాలల్లో చదివినవాళ్ళను కూడా కిందికి నెట్టింది. డొనా స్ట్రిక్లాండ్ సంగతి చూడండి. ఆమె గురించి వికీపీడియాలో ఎవరో రాసిన వ్యాసం చిత్తుప్రతిని, చాలినన్ని ఆధారాలు లేవంటూ 2018 మేలో తిరస్కరించారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మూడో స్త్రీ ఆమె. నోబెల్ వచ్చేదాకా ఆమెకే చోటు దొరకకపోతే, నిర్మల్‌లోనో పాడేరులోనో చదివిన అమ్మాయికి “నీ ప్రచారం నువ్వు సరిగా చేసుకోలేదు” అని చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఇంకో మాట. ఉచితంగా ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసుకోవచ్చు. 1994లో మొదలై, లక్షలాది మందికి ఉచితంగా సొంత పేజీలు ఇచ్చిన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొని, 2009లో ఒక్క జపాన్‌లో తప్ప అంతటా మూసేసింది. గూగుల్ ఫొటోస్‌లో అపరిమితంగా ఉచితంగా దాచుకునే సౌకర్యం 2021 జూన్‌తో పోయింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, ఆ వేదిక మీద తమ నైపుణ్యానికి గుర్తింపు తెచ్చుకున్న మన పల్లెల స్త్రీలు రాత్రికి రాత్రి అంతా పోగొట్టుకున్నారు. సభ్యులు రాసుకున్నవాటిని లింక్డ్‌ఇన్ కృత్రిమ మేధకు మేతగా వాడుకుంటున్నదని 2024 సెప్టెంబరులో తెలిసింది. వద్దనుకున్నవాళ్ళు సెట్టింగుల్లోకి వెళ్ళి తామే ఆపుకోవాలట! అంటే డబ్బు తీసుకోకపోయినా మన నుంచి తీసుకునేది తీసుకుంటూనే ఉన్నారు. అందుకే నేను నేర్పే మొదటి పాఠం ఇది: ఎక్కడ రాసినా, దాని నకలు ఒకటి నీ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం చెప్పింది ఈ తేడానే. లిబ్రేఆఫీస్ వంటివి నెట్ లేకుండానే పాత కంప్యూటర్లో కూడా నడుస్తాయి, మనం రాసింది మన దగ్గరే ఉంటుంది. యూనికోడ్ ఉండగా తెలుగులోనే టైపు చేసుకోవచ్చు. ఇంగ్లీషు బెదురుతో వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి తెలుగులో రిపోర్టు మొదలుపెట్టి, ఆలోచన కుదిరాక ఇంగ్లీషులోకి తెచ్చుకోవడం నేను చూశాను. కాలేజీలు ఇవి ఎందుకు నేర్పవు?

ముప్ఫై ఏళ్ళ కిందట నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులు పెట్టారు. అవీ ఉచితమే. సంతకం నేర్చుకుంటే చాలనుకున్నవాళ్ళు ఉండవచ్చు. కానీ ఆ స్త్రీలు వాచకంలో సారా గురించి చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి, 1992లో కలిసి వెళ్ళి సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధానికి, 1995లో మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో మద్యనిషేధాన్ని సడలించి నీరుగార్చిన పాపం పాలకులది. దూబగుంట స్త్రీలు నేర్చుకున్న అక్షరంతో ఎవరికి వారు తమ గొప్ప రాసుకోలేదు, అందరూ కలిసి ఒక ప్రశ్న అడిగారు. ఈనాటి పరికరాలతో కూడా ఆ పని చెయ్యవచ్చు. పదిమంది కలిసి రాసుకునే కాగితం మీద రిపోర్టుతోపాటు ఒక వినతిపత్రం కూడా రాసుకోవచ్చు కదా!

అందులో ఏమి రాయాలో కూడా చెబుతాను. ఒకటి, కంప్యూటర్ గది సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచాలి, ఇంటికి చేరడానికి బస్సు ఏర్పాటు ఉండాలి. రెండు, క్రెడిట్ల కోసం రాసే ఆన్‌లైన్ పరీక్షల ఫీజు, ప్రయాణపు ఖర్చు కాలేజీ భరించాలి. మూడు, తన ఫొటో, ఫోన్ నంబరు బయట పెట్టాలని ఏ విద్యార్థినినీ మార్కుల పేరుతో బలవంతం చెయ్యకూడదు. పెట్టుకోదలచినవారికి జాగ్రత్తలు, చట్టం రెండూ నేర్పాలి, వేధింపు జరిగితే కాలేజీయే ముందు నిలబడి ఫిర్యాదు ఇవ్వాలి. నాలుగు, హాస్టళ్ళలో ఫోన్లపై నిషేధాలు ఎత్తెయ్యాలి. వచ్చే సెమిస్టరు మొదలయ్యేలోగా మీ కాలేజీలో ఈ నాలుగింటినీ రాసి, ఎందరు వీలైతే అందరూ సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్ చేతికివ్వండి. అందినట్టు రశీదు తీసుకోవడం మరిచిపోకండి.