బెత్తం తీసేశాం, సరే

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ బెత్తం అందుకునే పెద్దలున్నారు. "చిన్నతనం, వాడే సర్దుకుంటాడు" అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఎడమొహం పెడమొహంగా కనిపించే ఈ రెండు వర్గాలూ తేల్చేది ఒక్కటే: ఆరేళ్ల పిల్లాడి దుడుకుతనం విషయంలో బడి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదని. ఈ మాట తప్పు.

అమెరికాలోని కాన్సాస్‌లో మ్యూరియల్ సాండర్స్ అనే పంతులమ్మ తరగతి గదిలో ఒక ఆట పుట్టింది. గుడ్ బిహేవియర్ గేమ్ పేరుతో 1969లో అచ్చయింది. తరగతిని జట్లుగా విడదీస్తారు. ఎవడైనా సీటు వదిలి తిరిగినా, అడ్డొచ్చి అరిచినా వాడి జట్టు పేరు కింద బోర్డు మీద గీత పడుతుంది. గీతలు హద్దు దాటకపోతే అన్ని జట్లూ గెలిచినట్టే. అంతే! దీనికి సైకాలజిస్టు అక్కర్లేదు, సుద్దముక్క చాలు.

1985లో బాల్టిమోర్‌లో షెపర్డ్ కెల్లమ్ బృందం దీన్ని ఒకటో తరగతుల్లో పరీక్షకు పెట్టింది. కొన్ని తరగతులకు ఆట నేర్పారు, కొన్నింటిని మామూలుగా ఉంచారు. ఆ పిల్లలకు ఇరవై ఏళ్లు వచ్చే వేళకు మళ్లీ వెతికి పట్టుకుని చూశారు. మొదట్లో బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో ఆట ఆడినవాళ్లు మత్తుకు బానిసలవడం, నేరాల దారి పట్టడం తగ్గింది. ఆడపిల్లల్లో అంత తేడా రాలేదు. ఆ మాటా చెప్పాలి.

"క్రమశిక్షణ ఇంట్లో నేర్పాలి, బడి ఏం చేస్తుంది?" అంటారు. ఆ పరిశోధకులే ఇంకో సంగతి గమనించారు. దుడుకు పిల్లాడు గోలగా ఉండే ఒకటో తరగతిలో పడితే, ఆరో తరగతికల్లా బాగా ముదిరాడు. అలాంటివాడే కుదురైన తరగతిలో పడితే అంత ముదరలేదు. మరి బడికి పాత్ర లేదని ఎలా అంటాం?

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని నిషేధించింది. మంచిదే. కానీ టీచరు చేతిలోంచి బెత్తం లాక్కుని బదులుగా ఏమిచ్చాం? ఒక సర్క్యులర్, మహా అయితే ఒక్కరోజు వర్క్‌షాపు, చివర్లో గ్రూప్ ఫొటో. బాల్టిమోర్‌లోనే ఆ పరీక్ష మొదలైన మరుసటి ఏడాది టీచర్లకు తోడ్పాటు తగ్గితే ఫలితాలూ పలచబడ్డాయి. ఇక మన దగ్గర సంగతి వేరే చెప్పాలా?

ఇంటర్ పిల్లలకు కౌన్సెలర్లను పెట్టండి, వద్దనను. కానీ ఒకటో తరగతి టీచరమ్మ పక్కన ఏడాది పొడుగునా నిలబడి నేర్పే మనిషిని ముందు పంపండి.