కలభాషిణి కోరిందెవరిని?

పింగళి సూరన కళాపూర్ణోదయం రెండోమారు చదవడం నిన్న రాత్రి ముగించాను. చిత్తూరు వద్ద కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు (మా జిల్లా అభిమానం కొంత ఉందనుకోండి) 1914 నాటి 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని ఎందుకంత మెచ్చుకున్నారో ఇప్పుడు బోధపడింది. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద నిజమైపోవడం! పదహారో శతాబ్దంలోనే ఎంత ఊహ! వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దీన్ని ఆంగ్లంలోకి తెచ్చి నవల అన్నారంటే వింత లేదు.

ప్రేమకథగా మాత్రం నాకు మింగుడుపడలేదు. కలభాషిణి కోరింది రంభ ప్రియుడైన నలకూబరుణ్ణి. తానే రంభ రూపం దాల్చి వెళితే దొరికింది నలకూబరుడి రూపంలో ఉన్న మణికంధరుడు! చివరికి అతని కత్తికే బలై, మధురలాలసగా పుట్టి, కళాపూర్ణుడిగా పుట్టిన అతణ్ణే పెళ్ళాడుతుంది. ఈ జన్మలో మనసారానే వలచింది, ఒప్పుకుంటాను. మరి వెనుకటి జన్మలోని ఆ కోరిక మాటేమిటి? కథలో ఇన్ని ముడులు విప్పిన సూరన, ఆ ఒక్క ముడినీ శాపాలకూ వరాలకూ వదిలేశాడనిపించింది. చదువుతున్నంతసేపూ ఆ నేర్పుకు తల ఊపుతూనే ఉన్నాను, ఆమె తలపుకొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటూనే ఉంది.

కలభాషిణికి న్యాయం జరిగిందని మీలో ఎవరికైనా తోచి ఉంటే, ఏ పద్యం దగ్గర తోచిందో చెప్పండి. అక్కడి నుంచే మూడోమారు మొదలుపెడతాను.