సోకు కాదు, వైద్యం: సహాయనిధి కమిటీకి ఒక సభ్యుడి జవాబు



పోయిన ఆదివారం వైద్య సహాయనిధి కమిటీలో ఏం జరిగిందో మీలో చాలామందికి ఈపాటికే తెలిసి ఉంటుంది. తెలియనివారి కోసం చెబుతున్నాను. మన సభ్యుల ఇంటి ఆడపడుచు ఒకామె బరువు తగ్గే ఆపరేషను కోసం 60,000 రూపాయలు వడ్డీ లేని అప్పు అడిగింది. భర్త కంపెనీ ఇన్సూరెన్సు ఎక్కువ భాగం ఇస్తుంది, మిగిలింది మనల్ని అడిగింది. కమిటీ ఐదు నిమిషాల్లో తోసిపుచ్చింది. అక్కడ మూడు మాటలు వచ్చాయి. "ఇది సోకు ఆపరేషను." "నోరు కట్టుకుని, రోజూ నడిస్తే చాలదా?" "రేపు ఏమైనా అయితే సంఘానికి చెడ్డపేరు."

నేను ఆ గదిలోనే ఉన్నాను. అప్పుడే లేచి మాట్లాడి ఉండవలసింది, మాట్లాడలేదు. అందుకే ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నాను. ఆమెను అడిగి, సరే అన్న తర్వాతే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

ముందు "సోకు" సంగతి చూద్దాం.

మనవాళ్ళు రెండు వేరువేరు ఆపరేషన్లను ఒకటే అనుకుంటున్నారు. చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగేసేది లైపోసక్షన్. అది ఆకారం కోసం చేసేది, దానితో షుగరు తగ్గదు. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. ఆ వార్త మన తెలుగు ఇళ్ళలో బాగా నాటుకుపోయింది. అప్పటినుంచి బరువు, ఆపరేషను అన్న రెండు మాటలు కలిసి వినబడితే చాలు, మనకు ఆ అమ్మాయి ముఖమే గుర్తుకొస్తుంది.

మన దరఖాస్తులో ఉన్నది అది కాదు. అందులో ఉన్నది బేరియాట్రిక్ ఆపరేషను. దానిలో స్లీవ్ అనే రకంలో కడుపు సంచిలో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుడతారు. బైపాస్ అనే రకంలో కడుపును చిన్న సంచిగా చేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఇక్కడ కొవ్వును కోసి తీయడం ఉండదు, మారేది ఆకలి. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే ఆ భాగంలోనే. చాలామందికి బరువు బాగా తగ్గకముందే షుగరు దారికి వస్తుంది. అందుకే డాక్టర్లు దీన్ని షుగరు వైద్యంగా కూడా చూస్తారు.

2011లో నితిన్ గడ్కరీ ఈ ఆపరేషను చేయించుకున్నారు. 2014లో అరుణ్ జైట్లీ చేయించుకున్నారు. వారి విషయంలో మనం "షుగరుకు వైద్యం" అన్నాం. మన వీధిలో మిషను కుట్టి పిల్లల్ని చదివించే అమ్మాయి అడిగితే అదే వైద్యం "సోకు" అయిపోయింది. ఇదేం న్యాయం?

ఆమె ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. లెక్క కడితే బీఎంఐ 46 దాటుతుంది. షుగరు ఉంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. మన దేశపు ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నిబంధనలు చూడండి. డాక్టరు సలహా ఉండి, వయసు 18 దాటి, బీఎంఐ 40 లేక అంతకు మించితే, లేదా 35 లేక అంతకు మించి ఉండి తీవ్రమైన జబ్బులు కూడా ఉంటే, ఈ ఆపరేషనును "బరువు తగ్గించే వైద్యం" అన్న వంకతో తోసెయ్యకూడదని ఉంది. లాభం కోసం నడిచే ఇన్సూరెన్సు కంపెనీయే డబ్బు ఇస్తానంది. సేవ కోసం పెట్టుకున్న మన సంఘం ఇవ్వనంది. దీనికి మనం సిగ్గుపడాలి.

రెండో మాట, "నోరు కట్టుకుని నడిస్తే చాలదా?" అసలు గొడవ దీనిమీదే. మనవాళ్ళ లెక్కలో ముందు మనసులో పట్టుదల పుట్టాలి, తర్వాత ఒళ్ళు కదలాలి. కదలనివాడికి పట్టుదల లేనట్టే.

నా సంగతి చెబుతాను. నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు మాట్లాడటమే వచ్చేది, చదవడం రాదు. రిటైరయ్యాక మన సంఘం ఆదివారం బడిలో చేరాను. ఏడాదిపాటు అక్షరాలు నెత్తికెక్కలేదు. ఒత్తులన్నీ చీమల బారులా కనబడేవి. విసిగిపోయి మానేశాను. "ఈ వయసులో ఆయనకు ఆసక్తి ఎక్కడ" అన్నారు, నేనూ అదే నమ్మాను. తర్వాత రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. నెల తిరిగేసరికి బస్సు మీద బోర్డు మొదలుకొని పంచాంగం దాకా దొరికిందల్లా చదువుతున్నాను. ఇప్పుడు అందరూ "అన్నగారికి ఎంత ఆసక్తి!" అంటున్నారు. ఆసక్తి అదే, మనిషినీ నేనే. మారింది నా కళ్ళు మాత్రమే. అప్పుడు "పట్టుదలతో చూడవయ్యా, ఆపరేషను ఎందుకు" అని ఎవరూ అనలేదు. ఎందుకంటే కన్ను జబ్బుపడితే అది జబ్బు. ఒళ్ళు జబ్బుపడితే మాత్రం అది గుణం.

తిండి తగ్గించి బరువు తగ్గినవాడి శరీరం ఊరుకోదు. ఆకలి హార్మోన్లను పెంచుతుంది, ఖర్చుపెట్టే శక్తిని తగ్గిస్తుంది, పోయిన బరువును వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. ఇది నెలలు గడిచినా పోదు. ఈ అమ్మాయి మూడుసార్లు పదేసి కిలోలు తగ్గింది, మూడుసార్లూ తిరిగి వచ్చాయి. మూడుసార్లు పదేసి కిలోలు తగ్గిన మనిషికి పట్టుదల లేదని అనగలమా? మన కమిటీలో ఎవరు అంత పని చేశారు? నేను చేయలేదు.

నడవమంటున్నారు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు అడుగడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క ఉంది. ఆ లెక్కను తిరగేసి, ఆమె మోకాలు ఇప్పుడు ఎంత మోస్తోందో చూసుకోండి. రాత్రంతా ఊపిరి ఆగుతూ లేస్తూ పడుకున్న మనిషి పొద్దున ఏ హుషారుతో లేస్తుంది? రైల్వేలో పనిచేసినవాళ్ళకు తెలుసు, బ్రేకు పట్టేసిన పెట్టెను లాగలేక బండి ఆగితే డ్రైవరుకు ఉత్సాహం లేదని రిపోర్టు రాయం. ముందు బ్రేకు విడిపిస్తాం. బండి నడపడం ఆ తర్వాత.

మూడో మాట, ప్రమాదం. దీన్ని నేను కొట్టిపారెయ్యను. 2024లో చెన్నై శివార్లలో ఈ ఆపరేషనుకు చేరిన పుదుచ్చేరి యువకుడు ఒకడు చనిపోయాడు, ప్రభుత్వం విచారణ జరిపింది. కత్తి పెట్టే ఏ వైద్యంలోనైనా ప్రాణభయం ఉంది. అందుకే ఎక్కడ, ఎవరి చేత అన్నది ముఖ్యం.

ఆపరేషను తర్వాత జీవితం పూలపాన్పూ కాదు. జీవితాంతం బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి వేసుకోవాలి. తిండి చిన్న గిన్నెడే, అందులో పప్పు, గుడ్డు ముందు తినాలి, అన్నం తర్వాత. మొదటి నెలల్లో జుట్టు రాలుతుంది. బైపాస్ అయినవాళ్ళు తీపి తింటే గుండెదడ, చెమటలు రావచ్చు. మద్యం తొందరగా తలకెక్కుతుంది, కొందరు దానికి బానిసలవుతారు.

స్వీడనులో 1987లో మొదలుపెట్టి, ఈ ఆపరేషను చేయించుకున్న దాదాపు రెండు వేలమందిని, చేయించుకోని అంతేమందిని ఏళ్ళ తరబడి గమనించారు. 2007లో లెక్క తేలింది. ఆపరేషను అయినవారిలో చావులు సుమారు 29 శాతం తక్కువ. పదేళ్ళ పాటు జీవితం ఎలా ఉందని కూడా అడిగారు. మొదటి ఏడాదిలో సంతోషం శిఖరానికి చేరింది, తర్వాత కొన్నేళ్ళు కొంత దిగింది, ఆ పైన నిలబడింది. పదేళ్ళకు కూడా ఆపరేషనుకు ముందుకంటే మెరుగే. ఎవరి బరువు తగ్గి నిలిచిందో వారికి మేలు ఎక్కువ.

అదే 2007లో అమెరికాలోని యూటా నుంచి ఇంకో లెక్క వచ్చింది. మొత్తం చావులు 40 శాతం తక్కువ. కానీ ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి చావులు మాత్రం 58 శాతం ఎక్కువ. ఈ రెండో అంకెను దాచిపెట్టి మీ ముందు వాదించడం నాకు ఇష్టం లేదు. దాని అర్థం నాకు ఇలా తోస్తుంది. ఆపరేషను కడుపును మారుస్తుంది. మనసులో పాతికేళ్ళుగా పేరుకున్న అవమానాన్ని అది కోసి తీయలేదు. మొగుడితో తగాదా, అప్పు, ఒంటరితనం అలాగే ఉంటాయి. ఆపరేషను అయ్యాక పలకరించేవాళ్ళు, మాట్లాడటానికి డాక్టరు, పక్కన ఒక మనిషి కావాలి. సంఘం ఉన్నది ఎందుకు మరి?

కాబట్టి ఆపరేషను ఉత్సాహం ఇస్తుందా అంటే నా జవాబు ఇది. ఉత్సాహాన్ని అది సీసాలో పోసి ఇవ్వదు, దానికి అడ్డుపడుతున్నదాన్ని తీస్తుంది. కళ్ళు బాగయ్యాక కూడా ఒత్తులు నేర్చుకోవడానికి నేను రోజూ గంటసేపు కూర్చోవలసి వచ్చింది. కూర్చుంటే ఫలితం కనబడింది, కనబడింది గనుక మర్నాడు కూడా కూర్చున్నాను. ఈ అమ్మాయికి కూడా కావలసింది అదే. పడిన కష్టానికి ఫలితం కనబడే ఒక శరీరం.

ఇంజెక్షన్లు వచ్చాయి కదా అని ఒకరు అడిగారు. నిజమే, 2025 నుంచి కొత్త రకాలు మన దేశంలో కూడా దొరుకుతున్నాయి, బాగానే పనిచేస్తున్నాయి. కానీ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. నెలనెలా కొనగలిగినవారికి అది ఒక దారి. ఏది తగినదో తేల్చవలసింది డాక్టరు, మన కమిటీ కాదు.

ఇంకొక మాట, కొంచెం కటువుగానే చెబుతాను. కొన్నేళ్ళ కిందట మనమే ఒక పెద్దమనిషి గుండె ఆపరేషనుకు డబ్బు ఇచ్చాం. ఆయన రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవారు. "నోరు కట్టుకోలేదా" అని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సరి, డబ్బు ఇచ్చి మంచి పని చేశాం. మరి ఈమెను ఎందుకు అడిగాం? ఆడది గనుకనా? లావు గనుకనా? ఉగాది భోజనాల్లో మనమే "ఇంకో బొబ్బట్టు వేసుకో తల్లీ" అని విస్తట్లో వేస్తాం, చెయ్యి కడుక్కోకముందే వెనకనుంచి నవ్వుతాం. ఆమె రెండేళ్ళుగా మన ఉగాదికి రావడం లేదు. ఎందుకో ఎవరూ అడగలేదు.

చివరగా, ఈ నవ్వేవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి. మా తమ్ముడు 130 కిలోలు ఉండేవాడు. ప్రతి దీపావళికీ అందరి ముందు "నోరు కట్టుకోరా" అనేవాణ్ణి. ఒకసారి డాక్టరు ఈ ఆపరేషను చెప్పారని, కొంత డబ్బు సర్దమని వచ్చాడు. "ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కుని వాకింగ్ పోరా" అన్నాను. నవ్వాడు, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దీపావళికి రాలేదు. రెండేళ్ళకు నిద్రలోనే పోయాడు, వయసు 49. ఆపరేషను చేయించి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ చివరి రెండు దీపావళులకు వాడు మా ఇంటికి రాకపోవడానికి కారణం జబ్బు కాదు, నేను.

తమిళంలో ఒక సామెత ఉంది, "సువర్ ఇరుందాల్ దాన్ చిత్తిరం". గోడ ఉంటేనే బొమ్మ. గోడ కూలిపోతుంటే, బొమ్మ గీయాలన్న ఆసక్తి నీకు లేదని తిట్టడం ఏం పెద్దరికం?

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, ఈ దరఖాస్తును మళ్ళీ విచారించాలి. రెండు, ఇకమీద ఏ వైద్యానికైనా డాక్టరు కాగితం, ఇన్సూరెన్సు కాగితం చూడాలి గాని మనిషి ఒంటి తీరు చూడకూడదు. మూడు, ఆపరేషను అనుభవమున్న పెద్ద ఆసుపత్రిలో జరగాలి, ఆ తర్వాత ఏడాదిపాటు డాక్టరు దగ్గరికి వెళ్ళిరావడానికి అయ్యే ఖర్చు కూడా అప్పులో కలపాలి. ఈ అప్పు మంజూరైతే జామీను సంతకం నాదే.

కాదనేవాళ్ళు తప్పకుండా రండి, ఎదురుగా మాట్లాడదాం. నా తెలుగులో ఒత్తులు తప్పితే దిద్దండి, సంతోషంగా నేర్చుకుంటాను. నా వాదంలో తప్పుంటే అదీ దిద్దండి. ఆ అమ్మాయిని మాత్రం ఇంకోసారి ఆ గదిలో నిలబెట్టి "నోరు కట్టుకోలేవా" అని అడగనివ్వను.