కూతకు చప్పట్లు, పట్టుకు తిట్లు

ఓడిన జట్టును చూచినప్పటికంటె, ఓడిన జట్టు శిక్షకుని చుట్టును మూగి ధర్మశాస్త్రము చెప్పు పెద్దమనుషులను చూచినప్పుడు నాకెక్కువ జాలి కలుగుచుండును. కాని ఈ వారము శ్రీకాకుళము జిల్లాలోని యొక కళాశాల మైదానమున కబడ్డీ పోటీ ముగిసిన పిదప ఆ దృశ్యమే చూచి నాకు జాలికి మారుగా కోపము వచ్చినది. ఎడమ కార్నరున నిలిచిన గుంటడు, ఎదుటి కూతగాడు నడిమి గీత దాటినది మొదలు గట్టుమీదినుండి "పట్టీరా, ఏటి సూస్తన్నావు!" అని వచ్చుచున్న కేకలకు లోబడి, కాలు అందకమునుపే దూకి, దూకిన ప్రతిసారియు పాయింటు సమర్పించుకొని వెలుపలికి పోయెను. ఆట ముగియగానే, ఆ కేకలు వేసినవారే జట్టు శిక్షకుడైన పీడీగారిని (కళాశాల ఫిజికల్ డైరెక్టరును) అడ్డగించి, మీ పిల్లలకు తెగువ లేదని తేల్చి చెప్పిరి.

తెగువకేమి, కావలసినంత యున్నది. లేనిది విద్య.

కార్నరున నిలుచువాని నేర్పు దూకుటలో గాక ఆగుటలో నున్నది. కూతగాడు బోనసు గీత దాటుటకై ఒక పాదము చాచి రెండవ పాదమును గాలిలోనికి లేపిన క్షణమున, లేదా వెనుకకు మరలబోవుచు దేహభారమంతయు ఒంటికాలిపై మోపిన క్షణమున, వాని చీలమండపై రెండు చేతులును బిగియవలెను. అంతవరకును మోకాళ్ళు వంచి, బరువు మునివేళ్ళపై నిలిపి, ఊరించుటకై వాడు చాపుచున్న చేతులను నమ్మక, నడుమునే కనిపెట్టియుండవలెను. చీలమండ చిక్కినంతమాత్రమున పని తీరదు. ప్రక్కనున్న కవరు ఆటగాడు రెప్పపాటులో వచ్చి దారికడ్డముగా నిలువనియెడల, కూతగాడు పట్టినవానిని ఈడ్చుకొనిపోయి వ్రేలికొనతో నడిమి గీత నంటును. అంటెనా, పట్టినవాడే ఔటు. ఈ యిద్దరి అడుగులును ఒక్క లయలో పడుటకు నెలల తరబడి జంటగా సాధన చేయవలెనే గాని, మైదానము చుట్టును పది పరుగులు, ఇన్ని బస్కీలు, ఆపైన పిల్లలను రెండు జట్లుగా విడదీసి "ఇక ఆడుకొనుడు" అనుట శిక్షణ యనిపించుకొనదు. పీడీగారిని విమర్శింపవలసిన చోటిది. ఆ విమర్శ పోటీ ముగిసిన సాయంకాలమున గాక, జూలై మాసమున, సాధన జరుగుచుండగా చేయవలసినది.

ఆట రానివారు ఆటగాండ్రపై చేయు ఇట్టి పెత్తనము మన ప్రాంతమునకు క్రొత్తది కాదనుకొనుడు. 1936లో ఇంగ్లాండునకు పోయిన క్రికెట్ జట్టునకు నాయకుడైన మన విజయనగరపు విజ్జీ, జట్టులోని ఉత్తమ క్రీడాకారులలో నొకడైన లాలా అమరనాథును టెస్టులు మొదలు కాకమునుపే ఇంటికి పంపివేసి, తాను మూడు టెస్టులలోను కలిపి 33 పరుగులు చేసెను.

మన మైదానములలో చప్పట్లు కూతకే, తిట్లు పట్టుకే. కూతగానికే కాసులు, కూతగానికే కటౌట్లు అను ఈ మోహము కళాశాలలతో ఆగలేదు. ప్రొ కబడ్డీ పదవ సీజనునకై మన తెలుగు టైటాన్స్ వారు పవన్ సెహ్రావత్ అను కూతగానిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొని, 22 మ్యాచులలో రెండే గెలిచి అట్టడుగున నిలిచిరి. అదే వేలములో పుణెవారు 2 కోట్ల 35 లక్షలు పోసి కొన్నది ఎవరిని? మహమ్మద్‌రెజా షాద్లూయి అను ఇరాను దేశీయుని, పట్టువిద్యయే పేరుగా గలవానిని. 2024 మార్చి 1న ఆ పుణెవారు కప్పు నెత్తుకొన్నది మన హైదరాబాదులోనే, మన కన్నుల యెదుటనే! పవన్ ప్రతిభను నేను శంకించుట లేదు. ఒక్కడు ఎంత కూసినను, వెనుక నిలిచిన పట్టువారు రెండు పాయింట్లిచ్చి ఒకటి తెచ్చుచున్నప్పుడు ఆ కోట్లు ఏటిలో పోసినట్లే. 1990 మొదలు 2014 వరకు ఆసియా క్రీడలలో పురుషుల కబడ్డీ స్వర్ణమును మరి యెవ్వరికిని విడువని మన దేశము 2018లో జకార్తా సెమీఫైనలున 18–27తో ఇరానునకు తలవంచినది; ఆ క్రీడలలోనే మన మహిళలను ఫైనలున 27–24తో ఓడించిన ఇరాను జట్టునకు శిక్షకురాలు శైలజా జైన్, మన దేశపు వనితయే. నేర్పువారు మనకు లేకపోలేదు, నేర్చుకొను ఓపిక గల చోటికి పోయినారు.

ఇంతకును మన పీడీగారికి నేర్పుటకు తీరిక యెక్కడిది? పరీక్షలకు కాపలా, గేటు వద్ద క్రమశిక్షణ, జెండా పండుగనాటి కవాతు, ర్యాలీలకు పిల్లలను వరుసగా నిలుపుట, నాయకుల సభకు మైదానము సిద్ధము చేయుట, సభ ముగిసిన పిమ్మట గుంజలు పాతిన గోతులు పూడ్చుట, ఇవన్నియు ఆయన తలపైననే. శిక్షకునికి తీరిక చిక్కిన ఫలమేమో చూడుడు: మన ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరికి నీలంశెట్టి అప్పన్నగారు ఇనుము నెత్తుట నేర్పగా, ఆమె 2000లో సిడ్నీనుండి కాంస్యము తెచ్చినది. విజయనగరము జిల్లా కొండవెలగాడలో నేటికిని ఇంటింట బరువులెత్తు పిల్లలున్నారు. ఆ శిక్షకులకు ఏటికేడు ఓపికతో పనిచేయు అవకాశము చిక్కినది. మన కళాశాల పీడీకి సాయంకాలము ఒక గంట చిక్కుట గగనము.

అట్టి పీడీయైన నుండుట కొంత మేలు. శ్రీకాకుళమునందును విజయనగరమునందును బజారు మేడల మూడవ అంతస్తులలో వెలసిన ప్రైవేటు జూనియర్ కళాశాలలలో పీడీయు లేడు, మైదానమును లేదు, ఉదయము మొదలు రాత్రి వరకు స్టడీ అవరొక్కటే యున్నది. రెండేండ్లు బల్లకు అతుక్కుపోయి డిగ్రీలో చేరిన పిల్లవాడు కార్నరున మోకాలు వంచలేక దూకినచో, ఆ నేరము వానిదా, పీడీదా, మూడవ అంతస్తుకు అనుమతి యిచ్చినవారిదా? ఈ జూన్‌లో మీ పిల్లవానిని చేర్చుటకు పోయినప్పుడు, ఫీజు సంగతికంటె ముందు, మైదానమెక్కడ నున్నదో చూపుమని అడుగుడు. చూపలేనియెడల అటనుండి లేచి రండు.